ఎవరి చెమట, ఎవరి సొమ్ము?

గత శీతకాలంలో హ్యూస్టన్‌లో ఉంటున్న మా అబ్బాయి మమ్మల్ని ఓడ ప్రయాణానికి తీసుకువెళ్లాడు. ఆ నగరానికి సుమారు గంట దూరంలో సముద్రతీరాన గాల్వెస్టన్ అనే దీవి ఉంది. 1900లో వచ్చిన పెనుతుఫాను అక్కడ వేలాది మందిని బలిగొన్నది. నేడు ఆ రేవు నుండి విహార నౌకలు మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లి వస్తుంటాయి. మాది ఐదు రాత్రుల ప్రయాణం.

మా గది చూసుకునే యువకుడు ఇండోనేషియా వాడు. నా టోపీ, గడ్డం చూడగానే సలాం చేశాడు. ఉదయం పక్కలు సర్దేవాడు. సాయంత్రం తువ్వాలును ఏనుగులా మడిచి పరుపుపై ఉంచేవాడు. ఇల్లు విడిచి ఏడు నెలలైందనీ, వారానికొక సెలవైనా ఉండదనీ, పాపను ఫోనులోనే చూసుకుంటున్నాననీ నవ్వుతూనే చెప్పాడు.

నాలుగవ రాత్రి మా ఖాతా చూశాము. మనిషికి రోజుకు 16 డాలర్ల చొప్పున నలుగురికి 320 డాలర్లు ‘గ్రాట్యుటీ’ పేరిట చేరి ఉన్నాయి. మన వైపు ఆ మాటకు ఉద్యోగ విరమణ సొమ్మని అర్థం, అక్కడ టిప్పు. వద్దనుకుంటే కౌంటరు వద్ద తీసివేయించుకోవచ్చు. అప్పటికే అక్కడ కొందరు వరుసలో నిలబడి ఉన్నారు.

“అబ్బాజాన్! జీతమివ్వవలసింది యజమాని కదా? మనల్ని అడగకుండా వేసినది కానుక ఎలా అవుతుంది? తీసివేయించి ఆ అబ్బాయి చేతికే కొంత ఇద్దాం” అన్నాడు మావాడు.

మాట న్యాయంగానే తోచింది. ఇచ్చేవాని సమ్మతి లేనిదే కానుక కాదని విద్యార్థులకు నేను చెప్పే పాఠమే అది. కానీ ఓడ నిబంధనలు చదివితే, ఆ సొమ్ములో వడ్డించేవారికే గాక, మన కంటపడకుండా గిన్నెలు తోమేవారికీ, దుప్పట్లు ఉతికేవారికీ వాటా ఉన్నదని తెలిసింది. పేరుకు కానుకే అయినా, వారు నమ్ముకుని ఓడ ఎక్కిన వేతనంలో అదొక భాగం. దానిని మనం కోస్తే నష్టం యజమానికి కాదు, కూలివానికే. శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న దైవప్రవక్త (స) బోధను నలుగురికీ చెప్పే నేను, ఆ వరుసలో ఎలా నిలబడగలను?

ఖాతా జోలికి వెళ్లలేదు. దిగే రోజు ఉదయం ఆ యువకునికి, పాపకు ఏదైనా కొనమని విడిగా కొంత ఇచ్చాము. కానుక అంటే అదీ. ఇక ఆ రుసుమును టికెట్టు ధరలోనే కలపమని మావాడు సంస్థకు లేఖ రాశాడు. ఫిర్యాదు చేరవలసిన చోటు అదే.

ఇటువంటి ప్రయాణం తలపెట్టేవారు ఆ మొత్తాన్ని ముందుగానే ఖర్చులో లెక్క వేసుకోవాలి. భారమనిపిస్తే ప్రయాణం మానుకోవచ్చు. సేవలన్నీ పొంది, చివరి రాత్రి సేవకుని వాటా వెనక్కి తీసుకోవడం మాత్రం మనకు తగదు.