కావలివాడు ఎటు చూచుచుండెను?

గవర్నరుపేటలోని మా పాఠశాలయందు పై తరగతికి చరిత్రమును బోధించుచుండ బెర్లిను గోడ ప్రసంగము వచ్చెను. మా విద్యార్థులు కొండపల్లి కోటను చూచియుండిరి గనుక, "ఇదియు నట్టిదే, శత్రువులు లోనికి రాకుండ కట్టినది" అని మేము చెప్పితిమి. అంతట వెనుక బల్లనున్న యొక బాలిక లేచి, "మాస్టారూ, ఆ గోడయొద్ద కావలివారు ఎటు చూచుచుండిరండీ?" అని యడిగెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. రేపు చెప్పెదమంటిమి.

ఆ రాత్రి పుస్తకములు తెఱచితిమి. 1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగియగా అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు, సోవియట్ యూనియను దేశములు జర్మనీని పంచుకొనెను. రాజధానియైన బెర్లిను సోవియట్ భాగమున నున్నను, దానిని సైతము నాలుగు భాగములు చేసిరి. అమెరికాకును సోవియట్ యూనియనుకును వైరము ముదిరి, 1949లో రెండు జర్మనీ రాజ్యము లేర్పడెను. నాటినుండి 1961 వరకు సుమారు 27 లక్షల మంది తూర్పు రాజ్యమును విడిచి పోయిరి. వారిలో వైద్యులు, పనివారు, మావంటి యుపాధ్యాయులు నుండిరి. బెర్లినులో నొక వీధి దాటినను, రైలెక్కినను పడమటికి చేరవచ్చును. అందుచేత 1961 ఆగస్టు 13వ తేదీ తెల్లవారకమునుపే తూర్పు ప్రభుత్వమువారు ముండ్లతీగె పఱచిరి. పిమ్మట కాంక్రీటు గోడ లేచెను. పశ్చిమ బెర్లినును చుట్టివచ్చిన యా సరిహద్దు పొడవు సుమారు 155 కిలోమీటర్లు.

తూర్పు ప్రభుత్వము దానిని ఫాసిస్టులనుండి కాపాడు ప్రాకారమని చెప్పెను. తెలియకయే మేమును తరగతిలో నా మాటనే పలికితిమి! నిజమునకు కావలివారు చూచినది తమ ప్రజలవైపే. ఆ గోడయొద్ద కనీసము 140 మంది ప్రాణములు గోలుపోయిరి.

బెర్నవరు వీధిలో 'సమాధానము' అను పేరుగల క్రైస్తవ దేవాలయము కావలివారి నిషిద్ధభూమిలో చిక్కుకొనెను. 1985 జనవరిలో దానిని పేల్చివేసిరి. 1989 నవంబరు 9వ తేదీ రాత్రి గోడ ద్వారములు తెఱవబడెను. పాత గుడి ముక్కలను మట్టిలో కలిపి, ఆ స్థలముననే క్రొత్త ప్రార్థనాలయమును కట్టి 2000లో ప్రతిష్ఠించిరి.

మరునాడు తరగతిలో మా పొరపాటును ఒప్పుకొంటిమి. గోడను చూచినంత మాత్రమున దాని యుద్దేశము తెలియదనియు, కావలివాని ముఖమును కూడ చూడవలెననియు మాకు నేర్పినది ఆ బాలికయే యని చెప్పితిమి.

ఆ వారము మధ్యాహ్నపు విరామమున బడి గేటు కావలి మా వంతు. బయట వాహనముల రద్దీ. లోపల పిల్లల యాటలు. మేము బెత్తము చేతబట్టి పిల్లలవైపే తిరిగి నిలిచియుంటిమని అప్పుడు గ్రహించితిమి. మెల్లగా రోడ్డువైపు తిరిగితిమి.