లాకుల్లో పడవ

మా ఆవిడకి నా మీద ఒక పాత ఫిర్యాదు ఉంది. ముప్ఫై ఆరేళ్లు రైళ్లలో తిరిగి, తనని మాత్రం ఎక్కడికీ తీసుకెళ్లలేదని. కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. నేను గూడ్సు బండి గార్డుని. 2021లో రిటైరయ్యాను. మరుసటి ఏడాది జనవరిలో రైల్వేవాళ్లు గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. మేనేజరు అనిపించుకునే యోగం ఉద్యోగంలో కొద్దిలో తప్పిపోయింది. ఇంట్లో ఎలాగూ లేదు.

గూడ్సు బండి చివర తగిలించే బ్రేక్‌వ్యాను చూసే ఉంటారు. అదే నా కాపురం. ఒక బల్ల, ఒక పెట్టె. పెట్టెలో ఎర్రజెండా, పచ్చజెండా, లాంతరు, డిటొనేటర్లు, రూల్సు పుస్తకం. పక్కన ఆవిడ కట్టిచ్చిన క్యారియర్. ఏ చిన్న స్టేషన్ లూపులైన్లోనో బండిని పక్కకి నెట్టేస్తే గంటలకి గంటలు పొలాలని చూస్తూ కూర్చోవడమే. గార్డు చివర్న ఉంటాడు కాబట్టి వాడికి దేశం ఎప్పుడూ వెనక్కి పోతూనే కనిపిస్తుంది. ఎదురొచ్చే ఊరు ఏదో తెలియదు, దాటిపోయిన ఊరే తెలుస్తుంది. గూడూరు, రాజమండ్రి, కాజీపేట అంటే నాకు బండి సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములే గుర్తొస్తాయి. ఆ ఊళ్లలో గుడి ఏదో, బడి ఏదో నాకు తెలియదు.

2023 వేసవిలో అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. వాడు ఒక ఆర్‌వీ అద్దెకి తీసుకుని మమ్మల్ని ఎల్లోస్టోన్ తిప్పాడు. చక్రాల మీద ఇల్లు అది. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ అందులోనే. రాత్రికి క్యాంపుగ్రౌండులో ఆపితే, కరెంటు వైరు గుచ్చుకోవడానికి ఒక స్తంభం, నీళ్ల గొట్టం తగిలించుకోవడానికి ఒక కుళాయి. మురుగు ఒంపడానికి వేరే చోటు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి తినే వస్తువులేవీ బయట ఉంచకూడదని రూలు. మా ఆవిడ గోంగూర పచ్చడి సీసాని ఇనప పెట్టెలో పెట్టి గొళ్లెం వేసి, మళ్లీ లేచి వెళ్లి గొళ్లెం చూసొచ్చింది. "ఎలుగుబంటి పచ్చడికి అలవాటు పడితే వచ్చే ఏడు మళ్లీ తేవాలి" అంది.

అక్కడే ఒక రిటైరైన జంట పరిచయమయ్యారు. ఇల్లు అమ్మేశారట. సంవత్సరమంతా ఆ బండిలోనే. చలికాలం దక్షిణానికి, ఎండాకాలం ఉత్తరానికి, కొంగల్లాగా. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మళ్లీ బ్రేక్‌వ్యాను, అదీ ఇంజను పక్క సీటులో ఆవిడతో! పొద్దున్నే చెప్పాను. "మనమూ సత్యనారాయణపురం ఇల్లు అమ్మేసి బండి కొందాం. కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా."

ఆవిడ కాఫీ కలుపుతూ ఒక్క ప్రశ్న వేసింది. "ఇల్లు అమ్మేస్తే ఉగాది ఎక్కడ చేసుకుంటారండీ?"

దానికి జవాబు వెతుక్కోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

బెజవాడలో ఇంటికి వచ్చాక లెక్కలు మొదలయ్యాయి. ఇల్లు అమ్మడం కుదరదంది కాబట్టి అద్దెకివ్వడం దాకా దిగాను. ఏడాది తిరుగుదామన్నాను. నవంబరు వస్తే పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి అంది. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ అని ఉంది, ఎక్కడున్నా వేలిముద్రతో సరిపోతుంది అన్నాను. వేలిముద్ర సరే, షుగరు పరీక్షకి ఎక్కడ వేలు గుచ్చుకుంటారు అంది. పైగా నాలాంటివాళ్లకి లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు, ప్రతిసారీ డాక్టరు సంతకం కావాలి. ఆవిడ చెప్పిన ప్రతి అడ్డంకీ విని విసుక్కున్నాను కానీ, ఆవిడ అడ్డుపడుతోందా, దారి చూస్తోందా అన్నది అప్పట్లో తెలియలేదు.

ఒకరోజు గట్టిగానే వాదన పెట్టాను. "ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీ వెళ్లలేదూ? బస్సులున్నాయా, రైళ్లున్నాయా? దాదాపు వందమందిని వెంటేసుకుని, డేరాలూ పల్లకీలూ కట్టించుకుని, మే 18న బయల్దేరి హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చుట్టి, తూర్పు తీరం వెంట తిరిగొచ్చాడు. పదిహేను నెలల పదిహేను రోజులు!" 'కాశీయాత్ర చరిత్ర' నా లైన్ పెట్టెలో రూల్సు పుస్తకం పక్కనే ఉండేది. తెలుగులో అంతకంటే పెద్ద చక్రాల్లేని ఆర్‌వీ కథ లేదని నా నమ్మకం.

"తిరిగొచ్చాడన్నారుగా," అంది ఆవిడ. "ఎక్కడికి?"

1831 సెప్టెంబరు 3న మద్రాసుకే వచ్చాడు. ఆ మాట నేను పైకి అనలేదు.

ఆవిడకీ ఒక యాత్ర కథ ఉంది. ఆవిడ అమ్మమ్మ బందరు కాలవ గట్టు మీది ఊరి పిల్ల. చిన్నతనంలో పుష్కరాలకి బెజవాడ పడవలోనే వచ్చారట. ఈ తరం వాళ్లకి తెలియదు కానీ, మన డెల్టాకి ఆర్‌వీ కొత్త కాదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవలు సాగాక, అవి పొలాలకి నీళ్లూ ఇచ్చేవి, మనుషులకి దారీ ఇచ్చేవి. ఏలూరు కాలవ వెంట గోదావరి దాకా, బకింగ్‌హాం కాలవ వెంట మద్రాసు దాకా పడవలు నడిచాయి. పైన కప్పు, లోపల బియ్యం మూటలు, మూటల మధ్య పిల్లలు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్లు. మెలకువలో సగం దారి, నిద్రలో సగం దారి. ఆ అమ్మమ్మకి బాగా గుర్తున్నది మాత్రం పడవ సాగడం కాదట, ఆగడం. లాకుల దగ్గర.

లాకు ఎలా పనిచేస్తుందో రైల్వేవాడికి చెప్పక్కర్లేదు, అదీ ఒక రకం సిగ్నలే. పడవ లోపలికి వస్తుంది. వెనక తలుపు మూస్తారు. ముందు తలుపు వెంటనే తెరవరు. తూములోంచి నీళ్లు వదిలి, లోపలి మట్టం, బయటి మట్టం ఒకటయ్యేదాకా పడవ అక్కడే నిలబడాలి. తొందరపడి తీద్దామన్నా తలుపు రాదు. నీటి బరువు కదలనివ్వదు. మట్టాలు కలిశాక మాత్రం మనిషి చేత్తో తోస్తే తెరుచుకుంటుంది. ఈలోగా పడవలోవాళ్లు దిగి వంటలు చేసుకునేవాళ్లు, పక్క పడవ వాళ్లతో సంబంధాలు మాట్లాడుకునేవాళ్లు. "లాకుల దగ్గర కుదిరిన పెళ్లేరా మాది" అని అమ్మమ్మ చెప్పుకునేదట.

2024 సంక్రాంతికి పాత ట్రావెలర్ బండి ఒకటి కొన్నాను. బెజవాడలో పుట్టినవాడికి బండి కట్టించుకోవడం కష్టం కాదు, ఆటోనగర్ ఉంది. లారీ బాడీ నుంచి లేత్ పని దాకా అక్కడ దొరకని పనివాడు లేడు. కానీ బండి స్వరూపం మారిస్తే ఆర్‌సీలో కూడా మారాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోవాలి. జీవితమంతా రూల్సు పుస్తకం మోసినవాణ్ని, కాగితాలు సక్రమంగానే పెట్టుకున్నాను. ప్లైవుడ్ అల్మారాలు, మడతమంచం, రెండు పొయ్యిలు. మురుగు ట్యాంకు దగ్గర ఆగాం. మన దారుల్లో దాన్ని ఎక్కడ ఒంపాలి? అమెరికాలో ఆ చోటు ఉంది కాబట్టే ఆ బండి ఉంది. అల్లాంటి చోటు మనకి లేనప్పుడు బండికి ట్యాంకు పెట్టుకోవడమంటే మన మురుగు ఊరివాళ్ల కాలవకి ఇవ్వడమే. ట్యాంకు మానేశాం. ఆవిడ గెలిచిన మొదటి పద్దు అది.

వడ్రంగి పని చివరి దశలో బండిని సింగ్ నగర్‌లో ఒక షెడ్డులో పెట్టారు. ఆగస్టు నెలాఖరుకి వానలు పట్టుకున్నాయి. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లారేసరికి బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం నీళ్లలో ఉన్నాయి. అటు కృష్ణ కూడా పొంగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాయి. నది మీద ఉండాల్సిన పడవలు గేట్లకి తగులుకుంటే, రోడ్డు మీద ఉండాల్సిన మా పడవ షెడ్డులో మునిగింది.

ఆ మధ్యాహ్నం ట్రాక్టరులో మా చెల్లెలి కుటుంబం మా ఇంటికొచ్చింది. పాయకాపురంలో వాళ్ల ఇంట్లో నడుం లోతు నీళ్లు. సాయంత్రానికి వాళ్ల పక్కింటివాళ్లు కూడా. మొత్తం పదకొండుమందిమి, పన్నెండు రోజులు. హాల్లో చాపలు, వసారాలో చాపలు, పెద్ద గిన్నెలో పప్పు. మా ఆవిడ పాయకాపురం వాళ్ల పాపకి జడ వేస్తూ నా వైపు చూసింది. "ఇల్లు అమ్మేసుంటే?" అని అనలేదు. అనకపోవడమే నాకు బాగా వినపడింది.

నీళ్లు తీశాక వెళ్లి చూస్తే, అల్మారాలు నూనెలో వేసిన అప్పడాల్లా ఉబ్బి విచ్చుకున్నాయి. పరుపు నిండా బుడమేరు బురద. ఇంజను బాగుచేయించడానికి కొత్త అల్మారాల డబ్బంతా పోయింది. అమ్మేద్దాం అన్నాను. అప్పుడు అడ్డుపడింది ఎవరనుకుంటున్నారు? ఆవిడే. "మునిగింది చెక్కేగా, బండి కాదుగా" అంది. నేను దిగి, ఆవిడ ఎక్కి, మా ఇద్దరి మట్టాలూ అప్పుడు కలిశాయి.

ఈసారి పథకం ఆవిడే కాగితం మీద రాసింది. బండిలో అల్మారాలు వద్దు. ఎదురెదురు రెండు బల్లలు, రాత్రికి కలిపితే మంచం. పొయ్యి దిగిన చోట బయట పెట్టుకునేది. బట్టలు రెండు ట్రంకు పెట్టెల్లో, తడిసినా పట్టుకుపోగలిగేలా. ప్రయాణం కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా, నెలకి పది రోజులు. మిగతా ఇరవై రోజులు ఇంట్లో. ఎండాకాలం ఎక్కడికీ లేదు, బెజవాడ వేసవిలో రేకు బండిలో పడుకుంటానంటే ఆసుపత్రి మంచమే గతి. వర్షాకాలం అసలే లేదు. కన్యాకుమారి, కశ్మీరు కాగితంలోంచి ఎగిరిపోయాయి. "వాటికి మీకు పాసుంది, రైల్లో వెళ్దాం" అంది. రిటైరైన రైల్వేవాడికి ఉచితంగా పాసులిస్తే, వాడు సొంత డీజిలు పోసుకుని కశ్మీరు వెళ్లడం ఏ రూల్సు పుస్తకమూ ఒప్పుకోదు.

బండి ఎందుకు మరి? రైలు ఆగని చోట్లకి. మొదటి ప్రయాణం కిందటి కార్తీకంలో కరకట్ట మీదుగా దివిసీమ. దారిలో కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి. అక్కడ కలలో స్వామి చెప్పగా కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాశాడంటారు. పక్కనే ఘంటసాల, బౌద్ధ స్తూపం. తర్వాత మోపిదేవి, పులిగడ్డ దగ్గర నదీపాయ మీదుగా కాలవనే దాటించే అక్విడక్టు. దాని కింద నీళ్లు ఒక వైపుకి, పైన నీళ్లు ఇంకో వైపుకి. ఆవిడ అరగంట కదల్లేదు. చివరికి హంసలదీవి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు. ఆ సాయంత్రం బండి బయట పొయ్యి వెలిగించి ఉప్మా చేసుకుంటుంటే, ఊరి పెద్దాయన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఏ సంగతి చెప్పినా "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అనే చెప్పాడు. 1977 నవంబరు 19 ఆ సీమలో కాలాన్ని రెండు చేసింది. వెళ్తూ, "ఇల్లుందా అమ్మా మీకు?" అని ఆవిడని అడిగాడు. ఉందంది. "అయితే తిరగండి" అన్నాడు.

ముప్ఫై ఆరేళ్లలో నాకు వెనక్కి పోతూ కనిపించిన నేల, ఆ పది రోజుల్లో ఎదురొచ్చింది. దూరం లెక్కేస్తే ఇంటి నుంచి వంద కిలోమీటర్ల దరిదాపే.

రిటైరయ్యాక ఇల్లమ్మి బండి కొనాలనుకునే నా తోటివాళ్లకి ఒక్కటే చెప్పగలను. ముందు మూడు రోజులకి బండి అద్దెకి తీసుకోండి. ఇద్దరూ ఎక్కండి. ఒకరి మట్టం ఇంకొకరికి అందేదాకా లాకు తలుపు తెరవకండి. ఆ నిలబడ్డ కాలం ప్రయాణంలో భాగమే.

మా క్యాలెండరు ఇప్పుడు ఇద్దరం కలిసే రాస్తున్నాం. 2027లో గోదావరి పుష్కరాలు, మేం వెళ్తాం. 2028లో కృష్ణా పుష్కరాలు, అప్పుడు చుట్టాలందరూ మా ఇంటికొస్తారు. చాపలు ఇంకో ఆరు కొనాలని ఆవిడ అప్పుడే రాసిపెట్టింది.