తగ్గిపోనాది బాబూ

మూత్రంలో రక్తం పడ్డ మనిషి ఆ రోజునే నా దగ్గరికి రావడం అరుదు. అది ఆగిపోయి నెలలు గడిచాక కాళ్ల వాపనో, నీరసమనో వస్తారు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడుతుంది. "ఓపాలి ఎర్రగా పడింది బాబూ. వేడి సేసింది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగినాను, తగ్గిపోనాది."

ఆ చివరి మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తగ్గింది ఎరుపు. జబ్బు తగ్గిందని ఎవరు చెప్పారు? మూత్రాశయంలో గడ్డ రెండు రోజులు రక్తం కార్చి, మూడు నెలలు ఊరుకోగలదు. కిడ్నీలో వడపోత దెబ్బతిన్నవాళ్లలో కొందరికి జలుబు చేసినప్పుడు ఎర్రగా పడి, జలుబుతోపాటే మామూలైపోతుంది. ఆ నాలుగు రోజుల్లో ఏది తాగితే పేరు దానికే దక్కుతుంది: సబ్జా, బార్లీ, కొబ్బరినీళ్లు, కొండపిండి ఆకు కషాయం. కాదంటే ఆర్‌ఎంపీ వేసిన సూది. ఇవేవీ లేకపోయినా ఆగేదే.

భోగాపురం దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి మనవడు ఒక మామ్మను తీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు. మా ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దానివల్ల అంగిట్లో కేన్సర్ వస్తుందని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆమె కూడా అంగిలి చూపించుకోవడానికే వచ్చి, అడక్కుండానే నోరు తెరిచింది. మూత్రం సంగతి అడిగితే తేలిగ్గా నవ్వేసింది. "ఏడాదిలో మూడుమాట్లు పడింది నాయనా. నొప్పేటీ నేదు."

నొప్పి లేకపోవడం ఆమెకు ధైర్యం, నాకు భయం. రాయి అయితే నడుం నుంచి గజ్జల దాకా మెలిపెట్టేస్తుంది, ఆ రాత్రికే ఆసుపత్రికి పరిగెడతారు. నలభై దాటి, పొగ అలవాటున్న మనిషికి నొప్పి లేకుండా రక్తం పడితే మూత్రాశయం కేన్సర్ కాదని తేలేదాకా వదలకూడదు. పొగాకులోని విషాలు నెత్తుట్లో కలుస్తాయి, కిడ్నీలు వాటిని వడగడతాయి, ఆ మూత్రం గంటల తరబడి మూత్రాశయం గోడను అంటుకుని ఉంటుంది. స్కాన్‌లో గడ్డ కనిపించింది. విశాఖ పంపాను. అప్పటికే కండరంలోకి దిగింది. పైపొరలోనే దొరికితే లోపలికి గొట్టం పంపి గీకి తీసేస్తారు. కండరంలోకి దిగితే చాలాసార్లు మూత్రాశయాన్నే తియ్యాల్సి వస్తుంది. "మొదటిసారి పడ్డప్పుడే తెచ్చుంటే?" అని మనవడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. జవాబు చెప్పలేదు. వాడికి పాతికేళ్లు ఉండవు. ఆ బరువు వాడి నెత్తిన ఎందుకు పెట్టాలి?

రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందో మైక్రోస్కోపు కొంత చెబుతుంది. తాజా మూత్రాన్ని యంత్రంలో తిప్పి, అడుగున చేరిన చుక్కను గాజుపలక మీద వేసి చూస్తాం. మూత్రాశయం నుంచో, రాయి గీరిన చోటు నుంచో వచ్చిన ఎర్రకణాలు గుండ్రంగా, సాఫుగా ఉంటాయి. కిడ్నీ వడపోతలోంచి దూరి వచ్చినవి నలిగి, వంకరపోయి, అంచుల్లో బుడిపెలు లేచి కనిపిస్తాయి. దానికి తోడు ప్రొటీన్ పోతూ, బీపీ కూడా ఎక్కువుంటే వేలు కిడ్నీ వైపే చూపిస్తుంది. గజ్జి పుళ్లు చీముపట్టిన కొన్ని వారాలకు పిల్లలకు మొహం ఉబ్బి, మూత్రం డికాషన్ రంగులో వస్తుంది. వాళ్లలో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆ తల్లులకు గట్టిగానే ధైర్యం చెబుతాను.

పెద్దవాళ్లకు అంత భరోసా ఇవ్వలేను. సాలూరు వైపు లారీ డ్రైవరొకడికి జలుబు చేసినప్పుడల్లా ఎర్రగా పడేది. బయాప్సీలో కిడ్నీ వడపోతను దెబ్బతీసే ఐజీఏ నెఫ్రోపతీ అని తేలింది. బీపీని, ప్రొటీన్‌ని తగ్గించే మాత్ర రోజుకొకటి రాశాను. ఎరుపు కనబడడం మానేసింది, అతను మాత్ర మానేశాడు. మళ్లీ వచ్చేసరికి, కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ రెండు దాటింది. కేకలేశాను. తల వంచుకుని అంతా విని, "ట్రిప్పుకి పోతే మాత్ర గుర్తుండదు సార్. ఎర్రగా పడితే గుర్తొస్తాది" అన్నాడు. దానికేం చెప్పను? పొద్దుటి టీతో వేసుకోమని, వాళ్లావిడ చేత ఫోన్ చేయించుకోమని చెప్పి పంపాను.

ఎర్రగా పడిందల్లా రక్తం కాదు, అదీ చెప్పాలి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ ఎరుపుకు తిప్పుతుంది. అది చూసి భయపడి టీబీ మందు మానేసేవాళ్లున్నారు. దయచేసి మానకండి, వచ్చి అడగండి.

ఇక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడ రంగును నమ్మడం మరీ ప్రమాదం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తున్న కిడ్నీ జబ్బు ఎక్కువగా వడపోత జల్లెడను వదిలి, దాని వెనకున్న సన్న గొట్టాలను, వాటి చుట్టూ ఉన్న కండను ఎండగడుతుంది. అందుకే రక్తం పడదు, ప్రొటీన్ పెద్దగా పోదు, మొదట్లో బీపీ కూడా మామూలుగానే ఉండొచ్చు. శ్రీలంక వరి రైతుల్లో, మధ్య అమెరికా చెరకు కూలీల్లో కనిపించే జబ్బు దీనికి దగ్గర. కారణం ఎండా, నీరా, పురుగుమందులా, నొప్పి బిళ్లలా అన్న వాదన ఇంకా తెగలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో వచ్చాయి. మంచి పనులే, ఆలస్యంగానైనా. కానీ మనిషి వెళ్లి రక్తం ఇస్తేనే కదా జబ్బు దొరికేది! కిడ్నీల పని సగందాకా పోయినా క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. మూత్రం మాత్రం తేటగానే ఉంటుంది. ఈలోగా కొబ్బరి దింపేవాడు, జీడిపిక్కలు వలిచే ఆడమనిషి నడుం నొప్పికి రాత్రిపూట దుకాణంలో డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగుతూనే ఉంటారు.

కవిటి వైపు నుంచి ఒక కొబ్బరి రైతు డయాలసిస్‌కు వస్తాడు. పెద్దకొడుకు బండి మీద తీసుకొస్తాడు. "నీకు పరీక్ష చేయించావా?" అని కొడుకునడిగితే తల్లి అందుకుంది. "ఆడికేటీ నేదు బాబూ, నీళ్లలాగ పోస్తాడు." అక్కడే కూర్చోబెట్టి రక్తం తీయించాను. ఇరవై తొమ్మిదేళ్లు. క్రియాటినిన్ 1.6. నొప్పి బిళ్లలు మాన్పించి, ఎండలో పనికెళ్తే నీళ్ల సీసా విడవొద్దని చెప్పి, మూడు నెలలకోసారి రమ్మన్నాను. ఇంట్లో ఇంకా ఇద్దరు తమ్ముళ్లున్నారట. వచ్చే మంగళవారం తండ్రితోపాటు వాళ్లనూ తీసుకురమ్మని చీటీ రాసి ఆమె చేతిలో పెట్టాను.