పాలు పోసే వేళకు మందు

తిరుపతిలో అలిపిరికి పోయే దారిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు పక్కపక్కనే ఉంటాయి. ఆ రోడ్డు మీద గుండ్లతో కొండ దిగి వచ్చిన భక్తుల మధ్య స్కాన్ కవర్లు చంకన పెట్టుకుని నడిచే తల్లులు కనిపిస్తారు. పిల్లలకు ఫిట్స్ వస్తే చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు వాళ్లు కొందరు వెల్లూరుకో బెంగళూరుకో పోతారు. చాలామంది ఇక్కడికే వస్తారు. నేను పోయింది ఈ ఊళ్లోనే పిల్లల నరాల జబ్బులు చూసే ఒక ఓపీకి. డాక్టరమ్మ ఒప్పుకోవడంతో ఆమె గదిలో ఓ మూల స్టూలు మీద కూర్చున్నాను.

ఆమె ముందుగా అడిగేది స్కాన్ కాదు. "ఇంట్లో మందు దేంతో పోస్తా ఉండావమ్మా? అది తీసి చూపించు" అంటుంది. పోయినసారే చెప్పి పంపింది కాబట్టి తల్లులు సంచుల్లోంచి తీశారు. ఒకామె దగ్గర స్టీలు చెంచా. ఇంకొకామె దగ్గర పాత దగ్గుమందు సీసా మూత. చంద్రగిరి అవతల నుంచి మనవణ్ణి తెచ్చిన అవ్వ అయితే ఉగ్గుగిన్నె తీసింది. డాక్టరమ్మ స్టీలు చెంచా నిండా నీళ్లు పోసి, సూది లేని సిరంజితో పీల్చి చూపించింది. ఏడు ఎం.ఎల్. దాకా వచ్చింది. ఆ బిడ్డకు రాసింది ఐదు. ఇళ్లలో చెంచాలు రెండున్నర ఎం.ఎల్. నుంచి ఏడు దాకా ఎంతైనా పట్టవచ్చు. జ్వరం మందులో ఈ తేడా కొంతవరకు చెల్లుతుందేమో గానీ ఫిట్స్ మందులో చెల్లదు. తక్కువైతే ఫిట్స్ తిరగబెడుతుంది, ఎక్కువైతే బిడ్డ తూలుతుంది, బడిలో నిద్రపోతుంది.

డాక్టరు లెక్క మిల్లీగ్రాముల్లో, తల్లి చేతిలో లెక్క ఎం.ఎల్.లలో. ఈ రెండింటి మధ్యే ప్రమాదం ఉందని అక్కడ కూర్చున్నాకే నాకు బాగా తెలిసింది. వాల్‌ప్రోయేట్ సిరప్ మామూలుగా 5 ఎం.ఎల్.కి 200 మిల్లీగ్రాములు. లెవిటిరాసిటమ్ సిరప్ ఒక్క ఎం.ఎల్.కే 100. మొదటి మందు 200 మిల్లీగ్రాములు రాస్తే ఐదు ఎం.ఎల్. పోయాలి, రెండోది అంతే రాస్తే రెండు ఎం.ఎల్. చాలు. మందు మార్చినప్పుడు చెయ్యి పాత గీత దగ్గరే ఆగితే బిడ్డకు రెండున్నర రెట్లు పడుతుంది. ఫెనిటాయిన్ సంగతి ఇంకా ఇబ్బంది. 5 ఎం.ఎల్.కి 30 మిల్లీగ్రాముల సీసా ఉంది, 125 ఉన్నదీ ఉంది. పైగా ఆ మందు అడుక్కి దిగుతుంది. సీసా కుదపకుండా పోస్తే మొదటి వారం పలచన, చివరి వారం చిక్కన. సీసా అయిపోయే వేళకు పిల్ల నడకలో తూలడం మొదలైతే అది కొత్త జబ్బు అని భయపడి వచ్చేవాళ్లున్నారట. అందుకే ఆమె సిరంజి మీద నల్ల పెన్నుతో గీత గీసి ఇస్తుంది. మందు మారితే పాత సిరంజి చెత్తబుట్టలో వేయించి కొత్తదాని మీద గీస్తుంది. ప్రతి సీసాతోనూ ఇలాంటి సిరంజి ఒకటి తప్పనిసరిగా రావాలని నా గట్టి అభిప్రాయం. దానికయ్యే ఖర్చు ఒక ఆటో కిరాయి కూడా కాదు.

ఉగ్గుగిన్నె అవ్వ ఇంకో మాట చెప్పింది. మాత్ర మింగలేకపోతున్నాడని తేనెలో నూరి నాకిస్తోంది. డాక్టరమ్మ ఆ మాత్ర అట్ట తిప్పి చూసింది. అది కొంచెం కొంచెంగా కరగాల్సిన రకం. నూరితే పన్నెండు గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. అవ్వ మీద ఆమె విసుక్కోలేదు. "నీ తేనె ఉండనీ అవ్వా, మందే మారుస్తాం" అని సిరప్ రాసింది.

ఆ రోజు విన్నవాటిలో నన్ను ఎక్కువగా కలచినది మరో తల్లి మాట. ఆరేళ్ల పిల్లాడికి లెవిటిరాసిటమ్ మొదలుపెట్టి రెండు నెలలైంది. ఫిట్స్ ఆగింది. "కానీ మేడమ్, వాడు మొండోడై పోయినాడు. చెల్లిని కొరకతాడు, పలక ఇసిరేస్తాడు. ఓర్చుకోలేక కొడతా ఉండాను" అంది. పిల్లాడు తల వంచుకుని టేబులు అంచు గోకుతున్నాడు. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, "అది వాడి తప్పు కాదమ్మా. ఈ మందు కొందరు పిల్లల్లో చిరాకు, కోపం తెస్తుంది. మోతాదు సరిచూద్దాం, లేకుంటే వేరే మందుకు పోదాం. నువ్వుగా మాత్రం ఆపొద్దు" అంది. ఆ తల్లి కొడుకు వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. రెండు నెలలుగా ఆ ఇంట్లో దెబ్బలు పడింది మందు తెచ్చిన కోపానికి. మొదటి రోజే ఎవరో ఒక్క మాట చెప్పి ఉంటే అవి పడేవి కావు.

అందుకే ఇప్పుడు ఆ ఓపీలో ఏ మందు రాసినా దాని గుణం చీటీ వెనక తెలుగులో రాసిస్తున్నారు. కార్బమజపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ వాడేటప్పుడు మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దుర్లు, వాటితో జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి రావాలి. వాల్‌ప్రోయేట్ వాడే బిడ్డకు వాంతులు, మగత, కళ్లు పచ్చబడటం, ఆగిన ఫిట్స్ మళ్లీ ఎక్కువ కావడం కనిపిస్తే కాలేయం సంగతి చూడాలి. రెండేళ్లలోపు పిల్లలకు ఆ ముప్పు మరీ ఎక్కువ. ఇంకొకటి కూడా రాస్తున్నారు: వేరే డాక్టరు ఏ జబ్బుకు ఏ మందు రాస్తున్నా ఈ చీటీ చూపించాలి. గొంతునొప్పికి ఇచ్చే ఎరిత్రోమైసిన్ చాలు, ఒంట్లో కార్బమజపిన్ పెరిగిపోవడానికి.

పుత్తూరు వైపు నుంచి వచ్చిన తండ్రి కథ తిరుపతికే చెందినది. కూతురికి ఏడు నెలలు ఫిట్స్ రాలేదు. మొక్కు ప్రకారం అలిపిరి మెట్లు 3550 ఎక్కించి, తలనీలాలిప్పించి, స్వామి దయతో నయమైందని మాత్రలు ఆపేశాడు. రెండో వారంలో తెల్లవారుజామున మొదలైన ఫిట్స్ అరగంటకూ ఆగలేదు. 108 అంబులెన్సులో తీసుకొచ్చి ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది. పిల్ల బతికింది. ఉన్నపళంగా మందు ఆపితే జరిగేది ఇదే. అణిగి ఉన్న ఫిట్స్ ఆగకుండా వరసగా రావచ్చు. "మొక్కు మొక్కుది నాయనా, మందు మందుది. రెండేళ్లు ఒక్క ఫిట్సూ లేకుంటే అప్పుడు నేనే చెప్తా, నెలల మీద మెల్లగా తగ్గిద్దాం" అంది డాక్టరమ్మ. కొండకు పోయేవాళ్లకు ఆమె చెప్పేది ఇంతే: మందు సామాన్ల సంచిలో కాదు, చేతి సంచిలో ఉండాలి, దర్శనం క్యూ కంపార్టుమెంటులో ఎన్ని గంటలైనా పట్టవచ్చు. బిడ్డను ఉపవాసం ఉంచొద్దు, రాత్రి నిద్ర చెడగొట్టొద్దు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేయాలి. తర్వాతి పూట దగ్గరపడితే మాత్రం వదిలేయాలి, రెండూ కలిపి వేయకూడదు.

మందు ఎన్నాళ్లన్నది ఫిట్స్ ఎందుకొచ్చిందన్న దాని మీద ఉంటుంది. చిత్తూరు జిల్లాను ఆనుకునే ఉన్న వెల్లూరు జిల్లాలో చేసి 2006లో ప్రచురించిన సర్వేలో, మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి కారణం మెదడులో చేరిన బద్దెపురుగు తిత్తి. అది పంది మాంసం తిన్నవాళ్లకే వస్తుందనుకుని శాకాహార కుటుంబాలు నొచ్చుకుంటాయి. నిజానికి ఆ పురుగు గుడ్లు కడగని చేతుల మీదుగా, మురుగునీళ్లు తగిలిన ఆకుకూరల మీదుగా ఎవరి కడుపులోకైనా పోతాయి. తిత్తి ఒక్కటే ఉండి అది కరిగిపోతే మందు కొద్ది నెలలతోనే ముగియవచ్చు. మన దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే మరో రకం వేడినీళ్ల ఫిట్స్. తల మీద కాగునీళ్లు చెంబులతో గుమ్మరించినప్పుడు వస్తుంది. గోరువెచ్చని నీళ్లు వాడితేనే కొందరికి తగ్గుతుంది. కొందరికి తలస్నానానికి ముందు మాత్రం క్లోబజామ్ వేయించే పద్ధతి బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు చూపించారు. మామూలు జ్వరంతో వచ్చే ఫిట్స్‌కు చాలామంది పిల్లల్లో రోజూ మందే అక్కర్లేదు.

మర్నాడు పలమనేరు దాటి ఒక ఊరికి పోయాను, అక్కడి ఆశా కార్యకర్తతో కలిసి. ఆవులున్న ఊరు. పొద్దున, సాయంత్రం అందరూ క్యాన్లు పట్టుకుని పాలకేంద్రానికి పోతారు. "పన్నెండు గంటలకోసారి అని చెప్తే గడియారం ఎవరు చూస్తారు సార్? పాలు పోసొచ్చి మందు పోయండి అని చెప్పినా. ఆ వేళ ఎవురూ తప్పరు" అంది ఆమె. ఒక ఇంట్లో గోడ క్యాలెండరు చూపించింది. వేసిన ప్రతి పూటకూ ఒక గీత, ఫిట్స్ వచ్చిన రోజున చుట్టూ సున్నా, పక్కనే ఎంతసేపు వచ్చిందో నిమిషాల్లో. నెలాఖరున ఆ క్యాలెండరు కాగితమే చింపి డాక్టరుకు పంపుతారు. ఇంత తేలికైన, ఇంత నికరమైన పద్ధతి నేను పెద్ద ఆసుపత్రుల్లో కూడా చూడలేదు.

ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చేస్తారని ఆ ఇంటి తాతనడిగాను. తాళంచెవుల గుత్తి వైపు చూశాడు. ఆశా కార్యకర్త అడ్డుపడింది. చేతిలో ఇనుము పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం ఏవీ వద్దు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద ఏదైనా మెత్తటిది పెట్టాలి, పూర్తిగా తేరుకునేదాకా నోట్లో నీళ్లు కూడా పోయకూడదు. గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే డాక్టరు బిడ్డ బరువును బట్టి రాసిచ్చిన మిడాజోలం స్ప్రే ముక్కులో కొట్టి 108కి ఫోన్ చేయాలి. రాసినదాన్ని మించి కొట్టకూడదు, ఊపిరి మందగిస్తుంది. ఆమె ఖాళీ స్ప్రే ఒకటి దగ్గర పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పట్టుకునే తీరు నేర్పుతోంది. ఊరి బడిలో పంతులమ్మకూ నేర్పిందట.

చివరి ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్ల. ఐదేళ్ల వయసు నుంచి వాల్‌ప్రోయేట్ మీద ఉంది. నిరుడు ఒకసారి ఫిట్స్ వచ్చింది కాబట్టి ఆపే మాట లేదు. కానీ పెద్దమనిషి అయిన ఆడపిల్లల్లో ఆ మందు గురించి మళ్లీ ఆలోచించాలి. గర్భంతో ఉన్నప్పుడు అది ఒంట్లో ఉంటే నూటికి పదిమంది దాకా పుట్టే బిడ్డలకు అంగలోపాలు, అంతకన్నా ఎక్కువమందికి ఎదుగుదలలో, చదువులో వెనకబాటు రావచ్చు. ఇది పెళ్లయ్యాక కాదు, ఇప్పుడే చూసుకోవలసిన సంగతి. తల్లికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. మాత్రలు ఆమె బియ్యం డబ్బాలో దాస్తోంది, చుట్టాలకు తెలిస్తే సంబంధాలు రావని. మూర్ఛ ఉందని పెళ్లిని రద్దు చేయమని అడిగే వీలును హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారని చెప్పాను. ఆమె విన్నది గానీ డబ్బా మూత మాత్రం గట్టిగా మూసింది.

"మరి రేపటి నుంచి ఆపేదా?" అని అడిగింది. ఆశా కార్యకర్త అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోన్ కలిపింది. ఆపొద్దు, కొత్త మందు మెల్లగా ఎక్కించి, అది పూర్తి మోతాదుకు చేరాకే పాతది దించుతామని ఆమె చెప్పింది. పిల్లను తీసుకుని రమ్మంది.

"మామిడి కోతలు అయినాక వస్తాం" అంది తల్లి.

"కోతల దాకా వద్దక్కా. వచ్చే వారం ఓపీకే పోదాం, నేనూ వస్తా" అని ఆశా కార్యకర్త తన పుస్తకంలో తేదీ రాసుకుంది. ఆ పిల్ల వచ్చి పుస్తకంలోకి తొంగి చూసి, ఆ రోజు లెక్కల పరీక్ష ఉందని చెప్పింది. తేదీని ఒకరోజు ముందుకు జరిపారు.