హనుమకొండలో మద్దెల మ్రోత

హనుమకొండకు పోవు యాత్రికులు సాధారణముగా కన్నులతోనే యాత్ర ముగించుకొని వచ్చుచుందురు. వేయిస్తంభముల గుడిలోని కంబముల నునుపును, నల్లరాతి నందిని, ద్వారబంధముల మీది లతలను చూచి శిల్పుల నేర్పును మెచ్చుకొందురు. ఆ నేలను చెవులతో కూడ చూడవలసి యున్నదని తోచువారు తక్కువ. కాకతీయుల యేలుబడిలో ఈ సీమ నృత్యమునకును, నృత్యమునకు ఊపిరియగు మద్దెలకును పేరువడినది. ఆ కాలపు రాతిపలకలలో మద్దెలపై నున్న చేతులు ఎవరివో నిదానించి చూచినచో, మన యాడువారికి సంబంధించిన యొక ముఖ్యవిషయము బోధపడును. దానిని చదువరులగు సోదరీమణులకు విన్నవింపవలెననియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వేయిస్తంభముల గుడిని కాకతి రుద్రదేవుడు 1163వ సంవత్సరమున కట్టించెను. శివునకు, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భగృహములు. మూడింటికిని నడుమ ఒక్కటే మండపము. ఆ మండపమధ్యమున గుండ్రని శిలావేదిక యొకటి కలదు. దాని చుట్టును నాలుగు కంబములు నిలిచియున్నవి. నాట్యమాడు స్త్రీ పాదములు త్రొక్కినది ఆ చోటనే. శిథిలమై యుండిన కల్యాణమండపమును 2006లో రాయి రాయిగా విప్పి, మరల పేర్చి, 2024లో తెఱచిరి. చూడబోవువారు ఆ గుండ్రని వేదిక యంచున ఒక్కనిముసము నిలువుడు. నర్తకి నడుమ నుండగా మద్దెలకాడు ఎచ్చట నుండవలెనో ఆలోచింపుడు. ఆమె పాదము కనబడనిచో అతని చేయి తప్పును; అతని మ్రోత వినబడనిచో ఆమె పాదము తప్పును. ఆ చిన్నచోటు ఇద్దరి నడుమ పొత్తునకే అమర్చిరా యన్నట్లున్నది.

హనుమకొండనుండి ములుగు త్రోవను రమారమి 70 కిలోమీటర్లు పోయినచో పాలంపేట చేరుదుము. అచ్చటిదే రామప్పగుడి. గణపతిదేవుని సేనానియగు రేచర్ల రుద్రుడు దీనిని 1213లో ప్రతిష్ఠింపజేసెను. 2021లో యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వ స్థలములలో చేర్చిరి. ఇచ్చటి కంబముల మీదను దూలముల మీదను రాయి నిలిచియుండదు, ఆడుచుండును. నడుమ నర్తకి, ఇరుప్రక్కల మద్దెల వాయించువారు. ఇట్టి పలకలు ఒకటి కాదు, ఎన్నియో కలవు. వాయించువారు కూర్చుండలేదు. మద్దెలను పట్టెడతో మేనికి వ్రేలవైచుకొని, నడుము వంచి, రెండు చేతులతో రెండు మొగములను తట్టుచు నిలిచియున్నారు. వారి మోకాళ్లును నర్తకి మోకాళ్ల వలెనే వంగియున్నవి. అనగా ఆనాటి వాద్యము చేతులతో మాత్రమే కాక, మేనితో వాయింపబడుచుండెను.

ఇక చూడవలసిన దేమనగా, ఆ వాయించువారిలో స్త్రీలును కలరు. కొప్పు, హారములు, నడుము నొడ్డాణము, చేతిక్రింద మద్దెల! శిల్పి దానిని వింతగా చెక్కలేదు. నర్తకి ప్రక్కన నుండవలసిన మనిషిగనే చెక్కినాడు. ఏడెనిమిది నూఱుల యేండ్లక్రింద ఈ సీమలో ఆడుది మద్దెల పట్టుట చూచువారికి విడ్డూరముగా లేకుండె ననుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

గణపతిదేవుని గజసేనాధిపతియగు జాయప సేనాని 1253, 54 ప్రాంతమున నృత్తరత్నావళి యను సంస్కృత గ్రంథమును రచించెను. ఎనిమిది యధ్యాయములలో మొదటి నాలుగు మార్గనృత్యమును, తక్కినవి దేశినృత్యమును తెలుపుచున్నవి. ఆయన వాద్యములను గూర్చియు ఒక గ్రంథము వ్రాసెనని చెప్పుదురు. అది మనకు దక్కలేదు. పుస్తకము పోయినను రాయి మిగిలినది. కావున ఓరుగల్లు మద్దెల చరిత్రకు రామప్పగుడి కంబములే తాటియాకులు.

ఆ కంబములను నృత్తరత్నావళితో సరిపోల్చి చదివినవారిలో నటరాజ రామకృష్ణగారు ముఖ్యులు. వారు మఱుగుపడిన పేరిణి తాండవమును మరల నిలిపిరి. 1985లో శివరాత్రినాడు రామప్పగుడి యెదుటనే దానిని ఆడించిరి. పేరిణి వీరుల యాట. అందు పాటకన్న మద్దెల శబ్దమునకే పెద్దపీట. జతులు వడివడిగా పెరుగుచు పోవగా, ఆడువాని గుండెయు చూచువాని గుండెయు మద్దెలతో పాటు కొట్టుకొనును.

రాతిలోని మ్రోత అచ్చటనే నిలిచిపోలేదు. హనుమకొండ జిల్లాలోని ఐనవోలున సంక్రాంతినాడు మల్లన్న జాతర మొదలగును. ఒగ్గుపూజారులు పసుపు, కుంకుమ, పచ్చని పొడులతో నేలపై పట్నము వేయుదురు. మన ముగ్గులు తెలిసిన చేతులకు ఆ పట్నపు గీతలలోని నేర్పు వెంటనే తెలియును. ఒగ్గు అనగా శివుని డమరుకము. దానితోపాటు పెద్దడోలు నడుమున కట్టుకొని, ఒక ప్రక్క పుల్లతోను, రెండవ ప్రక్క అరచేతితోను వాయింతురు. కథకుడు వాక్యము చివర ఆగినంతనే డోలు అందుకొనును. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్యగారు (2017లో గతించిరి) ఈ ఒగ్గుకథను పల్లె సరిహద్దులు దాటించిన మహాకళాకారులు. జాతరలో ఒక ముదుసలి డోలుకాని నేను, “తాతా, ఇంత వేగముగా కొట్టుచు లెక్క ఎట్లు తప్పవు?” అని యడిగితిని. అతడు నవ్వి, “లెక్క చేతులుండదు బిడ్డా, చెవులుంటది. పక్కోని దెబ్బ ఇనుకుంట కొట్టాలె” అనెను. వాద్యశాస్త్రమంతయు ఆ మాటలో నున్నట్లు నాకు తోచినది.

సభలలో వాయించు మృదంగమును గూర్చియు కొంత చెప్పెదను. దీనిని పనసకఱ్ఱతో తొలుతురు. కుడిమొగము నడుమనున్న నల్లని మచ్చ రాతిపొడిని అన్నపుముద్దతో నూఱి మెత్తినది. ఎడమమొగమునకు కచేరికి ముందు రవ్వముద్ద అద్దుదురు. దానివలన గంభీరమైన నాదము వచ్చును. అనగా మృదంగమునకు కావలసిన సంబారములలో రెండు మన వంటింటివే! త, ది, తొం, నం అనునవి మొదటి పాఠములు. ఏ వ్రేలు ఎచ్చట పడవలెనో, పడిన వ్రేలు వెంటనే లేవవలెనో అదిమి యుంచవలెనో, దానినిబట్టి యొక్కొక్క శబ్దము పుట్టును. బలముకన్న వ్రేలిని లేపుటలోని ఒడుపే ముఖ్యము.

కచేరిలో పాట నడుమ గాయకుడు ఆగి, మృదంగకారునకు చోటు విడుచును. దానికే తని ఆవర్తనమని పేరు. అప్పుడే కాఫీకని లేచిపోవు శ్రోతలు మన సభలలో నున్నారు. లెక్క తెలియక లేచుటయే గాని, అది విసుగుపుట్టించు విద్య కాదు. ఇంటిలో మీరే పరీక్షింపవచ్చును. ఆదితాళమునకు ఎనిమిది దెబ్బలు. ఒక్కొక్క దెబ్బను నాలుగు మాత్రలుగా విభజించినచో చివరి నాలుగు దెబ్బలకు పదునాఱు మాత్రలగును. అందు మొదటి మాత్రను విడిచి, “తదిగిణతొం” అని అయిదక్షరములను మూడుమాఱులు ఎడతెగక పలుకుడు. మూడయిదులు పదునైదు, విడిచినది ఒకటి, వెరసి పదునాఱు. మూడవ “తొం” ముగిసినంతనే చేయి తాళపు మొదటి దెబ్బపై వచ్చి పడును. ఇదియే ముక్తాయింపు. పెద్ద విద్వాంసులు చేయునదియు ఇట్టి కూడికయే. మొత్తములు పెద్దవి, దారులు వంకరవి, అంతియే. ఎచ్చటెచ్చటనో తిరిగి అందఱు ఎదురుచూచు చోటికి సరిగా చేరినప్పుడు సభ “ఆహా” యనును.

ఇట్టి యొంటరి వాద్యము మనకే సొంతము కాదు. ఇంగ్లండున, అమెరికాలోను 1960, 70లలో వెలసిన రాక్ సంగీతమునందు గిటారులు నిలిచిపోయి డ్రమ్ములవాడొక్కడే వాయించు ఘట్టములు ప్రసిద్ధములు. లెడ్ జెప్పెలిన్ అను మేళములో జాన్ బోనమ్ అనునతడు 1969లో వెలువడిన “మోబీ డిక్” అను వాద్యమున పేరుగాంచెను. వేదికపై దానిని పావుగంటకు మించి సాగించుచు, నడుమ పుల్లలు పారవైచి ఉత్తచేతులతో వాయించెడివాడు. వారికి పెద్దడ్రమ్మును కాలితో త్రొక్కుట యలవాటు. కావున రెండుచేతులును రెండుకాళ్లును నాలుగు వేర్వేరు పనులు చేయవలెను. మనవారు ఆ గంభీరనాదమును ఎడమ అరచేతితోనే రాబట్టుదురు. పద్ధతులు వేఱైనను, పుల్లలు విడిచిన ఆ చేతులును మృదంగముపై చేతులును చుట్టములే.

ఆ దేశములందును ఆడుదాని చేతి డ్రమ్మునకు ఆటంకములు లేకపోలేదు. కారెన్ కార్పెంటర్ (1950-1983) అను అమెరికా గాయని మొదట డ్రమ్ములనే నేర్చినది. పాడుచు వాయించు నేర్పరి. కాని ఆమె డ్రమ్ముల వెనుక మఱుగైపోవుచున్నదనియు, ముందుకు వచ్చి పాడవలెననియు చెప్పి, క్రమముగా వేదికలపై ఆమెను వాయిద్యమునకు ఎడమొనర్చిరి. లోకము ఆమె కంఠమును వినెను, చేతులను మఱచెను.

మన యిండ్లలో జరుగునది ఇంతకన్న వేఱుగా నున్నదా? ఆడుపిల్లకు సంగీతమనగా గాత్రము, వీణ, వయొలిను. మృదంగమనగానే “వ్రేళ్లు మొద్దుబాఱును, అది మగవాని వాద్యము” అందురు. వ్రేళ్లు మొద్దుబాఱు మాట నిజమే. వీణ తీగెపై మాత్రము బాఱవా? రోలు, తిరుగలి, కవ్వము త్రిప్పిన మన పెద్దల వ్రేళ్లు పూలవలె నుండెనా? పనికి మొద్దుబాఱిన వ్రేళ్లు విద్యకు మొద్దుబాఱరాదనుట ఏ న్యాయము?

తాళజ్ఞానము మన స్త్రీలకు క్రొత్తది కాదనుటకు హనుమకొండలోనే మఱియొక చోటు చూపగలను. సద్దుల బతుకమ్మనాడు పద్మాక్షిగుట్ట దిగువకు పోయి చూడుడు. వేలకొలది స్త్రీలు పూలబతుకమ్మల చుట్టు వలయముగా తిరుగుచు, వంగి లేచుచు చప్పట్లు చఱతురు. నడిపించువాడు లేడు, ఎదుట మృదంగము లేదు. నూఱుజతల చేతులు ఒక్కటిగా మ్రోగును. ముసలవ్వ మందముగను, పడుచులు వడిగను అడుగు వేసినను చప్పట్లు కలియును. రామప్పగుడి రాతిస్త్రీ తన మద్దెలను మన చేతులలోనే దాచిపోయినదా యనిపించును.

ఆ మద్దెలను మరల బయటికి తీసినవారును మన తెలుగుదేశమున కలరు. ఏలూరులో 1950లో జన్మించిన సుమతిగారు తండ్రియగు నిడుమోలు రాఘవయ్యగారి యొద్ద మృదంగము నేర్చిరి. తరువాత విద్వాంసులగు దండమూడి రామమోహనరావుగారి శిష్యురాలై, వారినే వివాహమాడిరి. గొప్ప సభలలో వాయించి, 2021లో పద్మశ్రీ పురస్కారమునకు పాత్రురాలైరి. ఇందు మనము గమనింపవలసినది బిరుదు కాదు. కూతురు మృదంగముపై చేయి వేసినపుడు “తీయుము” అనక, ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన తండ్రిని గమనింపవలెను. మొదటి గుమ్మము ఇంటిలోనిదే. అది తెఱచుకొనినచో సభాద్వారము తరువాతి సంగతి.

కావున సోదరీమణులారా, సెలవులలో పిల్లలతో హనుమకొండకు పోయినపుడు వారికి రాతి యేనుగులను, నందిని చూపినట్లే, మద్దెల పట్టిన ఆ స్త్రీలను గూడ చూపుడు. చేతులతో తాకక, కన్నులతో లెక్కపెట్టి రమ్మనుడు. ఇంటికి వచ్చినపిదప ఏ పిల్లయైన బిందెపైనను పీటపైనను తాళము వేయుచుండిన, “ఏమా చప్పుడు” అని కసరుటకు ముందు ఒక్క ఆవర్తనము వినుడు. ఎనిమిది దెబ్బలును సమముగా పడుచున్నచో, అది అల్లరి కాదు. గురువు కొఱకు వెదకుచున్న విద్య. వరంగల్లులో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల యున్నది. తక్కిన పట్టణములలోను గురువులు దొరకుదురు. పిల్లలను చేర్పించుట మన చేతిలోని పని. ఏడెనిమిది నూఱుల యేండ్లుగా ఆ రాతిస్త్రీలు వాయించుట మానలేదు; వారి ప్రక్కన మన కూతుండ్రకు చోటు చాలునంత కలదు.