కాన్పుల వార్డు, రాత్రి డ్యూటీ

జూన్ 9
తెల్లవారుజామున ఆడపిల్ల. బీసీజీకి, పోలియో చుక్కలకు సరేనన్న నాయనమ్మ, తొడకు ఇంకో సూది అనేసరికి అడ్డం కూర్చుంది. "పురుడన్నా వెళ్లనీ తల్లీ, పదకొండో రోజు తీసుకొస్తాం." పదకొండో రోజుకు ఏం లాభం? పుట్టుక డోసు 24 గంటల్లోపు పడాలి. హెపటైటిస్ బి పెద్దవాళ్లకు సోకితే చాలామందిలో దానంతటదే పోతుంది. కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటితే పదిమందిలో తొమ్మిదిమందికి ఒంట్లోనే ఉండిపోతుంది. ఏ ముప్ఫై, నలభై ఏళ్లకో లివరు గట్టిపడుతుంది, లేదా క్యాన్సరు. ఇదంతా ఆ వేళప్పుడు ఎక్కడ చెప్పను? "ముదిరే కామెర్లు రాకుండా, పెద్దమ్మా" అన్నాను. గబుక్కున జరిగి చోటిచ్చింది. ఆ ఇంట్లో ఎవరో పసరు మందుల చుట్టూ తిరిగే ఉంటారు.

జూన్ 14, ఆదివారం
మగపిల్లాడు. తల్లికి రక్తపరీక్ష చేయించిన కాయితం లేదు. టీకాల గదికి తాళం. ఫోన్ చేస్తే, "ఒక్క బిడ్డకు పది డోసుల సీసా విప్పుతామా? ఆరో వారం పెంటావాలెంట్‌లో ఎలాగూ ఉందిగా!" ఉంది. కానీ కాన్పులో అంటినదాన్ని ఆరో వారం సూది ఆపలేదు. విప్పిన సీసా మీద తేదీ, టైము రాసి, గడ్డకట్టకుండా చల్లగా ఉంచితే 28 రోజులు వాడొచ్చు. ఈ నియమం గోడ మీదే ఉంది. ఒకవేళ మిగతా తొమ్మిది డోసులూ పారబోసినా నాకు నష్టంగా తోచదు. తాళం సాయంత్రానికి గాని రాలేదు. సూది పడింది, గడువు లోపలే.

జూన్ 17
ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి వచ్చేది, డోసుకు వందల రూపాయలు. హైదరాబాదులో వరప్రసాదరెడ్డి గారు 1993లో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో శాన్‌వ్యాక్-బి తెచ్చాక ధర నేలకు దిగింది. దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలోకి ఎక్కేసరికి 2011. తయారీకి నాలుగేళ్లు, పట్టికకు పద్నాలుగు! తైవాన్ 1984లోనే పసిపిల్లలకు మొదలుపెట్టింది. అక్కడి పిల్లల్లో లివరు క్యాన్సరు తగ్గడం లోకమంతా చూసింది.

జూన్ 20
మా ఆయాకు ఈ టీకా ఎప్పుడూ వెయ్యలేదట. నెత్తురు గుడ్డలు ఎత్తేది ఆవిడే! ఇవాళ మొదటి డోసు వేయించాను. వచ్చే నెల ఒకటి, ఆరో నెల ఇంకొకటి. పొద్దుట్నుంచీ భుజం పట్టుకుని వార్డంతా తిరుగుతోంది, బాలింతలందరికీ నా మీద ఫిర్యాదు చేస్తూ.