గోదావరీ యాత్ర

గోదావరీస్నానము చేయవలెనను మా అత్తగారి చిరకాలవాంఛ తీర్చుటకై గడచిన కార్తికమాసమున మేము రాజమహేంద్రవరమునకు బయలుదేరితిమి. దారిలో నొక కూడలి స్టేషనున బండి మారవలసివచ్చెను. అప్పటికి అర్ధరాత్రము. స్త్రీల విశ్రాంతిగదికి తాళము వేసియుండెను. గంటసేపు తిరిగి తిరిగి వేడుకొనగా తలుపు తెరచిరి. కాని మరుగుదొడ్డి తలుపునకు గడియ లేదు, కుళాయిలో నీరు లేదు. ఉద్యోగి నడుగగా, "ఒక్క రాత్రికే యింత గొడవెందుకమ్మా?" యనెను. అత్తగారు తెల్లవాఱువఱకు గ్రుక్కెడు మంచినీరైన ముట్టలేదు. ఆ దొడ్డికి మరల పోవలసివచ్చునను భయమే కారణము.

ఉదయమున కొవ్వూరు దాటి బండి గోదావరి నెక్కెను. దవ్వున పాత హేవలాకు వంతెన కనబడెను. 1900లో తెరువబడిన యావంతెన 1997 వఱకు బండ్లను మోసినది. "ఇంతటి నదికి వంతెన కట్టినవారికి తలుపునకు గడియ పెట్టుట చేతకాలేదా, అమ్మాయీ?" యని అత్తగారు నిట్టూర్చిరి.

మూడవతరగతి ప్రయాణికుల యిక్కట్లను గూర్చి గాంధీమహాత్ముడు 1917లోనే పత్రికలకు వ్రాసెను. మనమో, సిగ్గుచే నోరు మెదపము, దాహమునైన నోర్చుకొందుము. సోదరీమణులారా, ఈ యోర్పు సుగుణము కాదు. స్నానము ముగించి 139 సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు చేసితిమి. నాలుగవనాడు తిరిగి వచ్చుచు చూడగా తలుపునకు క్రొత్త గడియ బిగించియుండెను.

కుళాయిలో నీరు మాత్రము రాలేదు. మరల ఫిర్యాదు చేసితిమి.